కుండలో పొట్టి చెట్టు - తోటకు పెద్ద పాఠము

ఈ నెల పాఠమునకు కావలసిన సామగ్రి స్వల్పము. ఒక మట్టికుండ, గంపెడు మన్ను, ఒక తులసి మొలక, పదునైన చిన్న కత్తెర, ఇంతే. వీనితో మొక్కను పొట్టిగా, ముదురు కాండముతో, కొమ్మలు చక్కగా విరిసి, వయసు మీఱిన చెట్టువలె కనబడునట్లు పెంచు విధానమును ఇందు చెప్పుచున్నాము. దీనినే జపాను దేశస్థులు బోన్సాయి అందురు. మన దేశమున వామన వృక్ష కళ యను పేరు వాడుకలో నున్నది.

"ఇది పట్నవాసుల వేడుక గదా! దుక్కి దున్నువారికి దీనితో నేమి పని?" అని కొందఱు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము జగిత్యాల చుట్టునున్న మామిడి తోటలలో నున్నది. మామిడి కొమ్మపై రంపము పెట్టిన రైతు, తాను కోసినది తగిన చోటనో కాదో తెలిసికొనుటకు ఒక ఏడాది, ఒక్కొక్కప్పుడు రెండేండ్లు ఆగవలయును. తప్పు కోత పడినచో తెగిన కొమ్మ తిరిగి అతుకదు. ఆ యేటి కాపు చల్‌గల్ మార్కెటుకు చేరదు. తులసి మొక్క యైనచో అదే సంగతిని పదునైదు దినములలో చెప్పును. తప్పిన నష్టము ఒక మొలక మాత్రమే. కనుక చేయి మొదట కుండ యొద్ద తిరుగవలెను. పిమ్మటనే తోటకు పోవలెను. ఇదియే మా పాఠములోని ముఖ్యాంశము.

భూమి లేని సభ్యులును దీనిని విడువ నక్కఱలేదు. సిరిసిల్లలో మగ్గముల నడుమ ఇరుకు ఇండ్లలో నుండు కుటుంబములకు పిట్టగోడపై నాలుగు కుండల చోటు దొరకకపోదు. కోరుట్ల వైపు పసుపు పండించు ఇండ్లకు పెరడే చాలును. ఈ పని స్త్రీలును, బడికి పోవు పిల్లలును సులభముగా చేయగలరు.

1. పస్తు పెట్టుట కాదు

మొక్కకు నీరు, ఎరువు తగ్గించి మాడ్చినచో పొట్టిదగునని పలువురి నమ్మకము. ఇది సరికాదు. మాడిన మొక్క పొట్టిదగుట కాదు, రోగిష్ఠి యగును. మంచి బోన్సాయికి వేళకు నీరు, వేళకు ఎరువు, కావలసినంత ఎండ ఉండవలయును. దాని పొట్టిదనము మూడు పనుల వలన వచ్చును: కొన త్రుంచుట, వేరు కత్తిరించుట, కొమ్మను వంచి కట్టుట.

దీనికి నిదర్శనము అమెరికా దేశపు వాషింగ్టన్ నగరమందలి జాతీయ వృక్షోద్యానములో నున్నది. అచ్చటి యొక దేవదారు జాతి తెల్ల పైన్ చెట్టు 1625వ సంవత్సరము నుండి తొట్టిలో మనుష్యుల చేతి పోషణలో నున్నది. అది హిరోషిమా నగరమున యమకి అను వారి కుటుంబమునకు చెందినది. 1945లో ఆ నగరముపై అణుబాంబు పడినపుడు వారి ఇల్లు అచ్చటికి సుమారు రెండు మైళ్ల దూరమున నుండెను. గోడ చాటున నుండుటచే చెట్టు బ్రదికెను. 1976లో జపాను ప్రజలు దానిని అమెరికాకు కానుకగా పంపిరి. పస్తు పెట్టిన చెట్టు నాలుగు వందల యేండ్లు బ్రదుకునా? ఆలోచింపుడు.

ఈ కళ మొదట చీనా దేశమున పుట్టి జపానుకు పోయినది. 'బోన్' అనగా లోతు తక్కువ గల తొట్టి. 'సాయి' అనగా నాటుట. పైన్ చెట్టుకు నూఱేండ్లు కావలసినను, ఏడాది మొక్కలతో కూడ ఈ విద్యను అభ్యసింపవచ్చును. జపానులో చిన్న పూల చామంతిని ఒక్క ఏటిలోనే ముసలి చెట్టు రూపమునకు తెచ్చు సంప్రదాయము కలదు. టోక్యో నగరపు షింజుకు గ్యోఎన్ తోటలో ప్రతి సంవత్సరము నవంబరు మొదటి పక్షమున చామంతుల ప్రదర్శన జరుగును. అందు ఒకే కాండము నుండి వందల పూలు ఒకే కాలమున విరియునట్లు పెంచిన మొక్కలుండును. అదంతయు వేళ యెఱిగి కొన త్రుంచుట వలన సాధించినదే.

2. మొక్క లోపల జరుగు పని

మొక్క తలయందలి చిగురు ఇంటి పెద్దవంటిది. అది యున్నంత కాలము క్రింది ఆకుల మొదళ్లలోని మొగ్గలు నిద్రించుచుండును. తలను త్రుంచిన కొలది దినములకే అవి మేల్కొనును. ఏల?

1880లో ఇంగ్లండు దేశపు డార్విన్, తన కుమారునితో కలిసి మొక్కల కదలికలపై గ్రంథము ప్రకటించి, కొనయందు పుట్టిన ప్రేరణ క్రిందికి దిగుచున్నదని చూపెను. 1928లో హాలండు దేశపు వెంట్ అను శాస్త్రజ్ఞుడు ఆ ప్రేరణ ఒక పదార్థమే యని నిరూపించెను. దానికి ఆక్సిన్ అని పేరు. తరువాత 1933 ప్రాంతమున థీమన్, స్కూగ్ అనువారు చిక్కుడు జాతి మొక్క తల కోసి, ఆ చోట ఆక్సిన్ ఉంచగా ప్రక్క మొగ్గలు లేవకపోవుట చూచిరి. 2014లో బఠానీ మొక్కపై జరిగిన పరిశోధన మఱియొక సంగతి తెలిపినది: తల తెగిన వెంటనే అది లాగుకొనుచుండిన చక్కెర ప్రక్క మొగ్గలకు మళ్లును, ఆ పోషణయే వానిని మొదట లేపును. రైతునకు సారాంశ మేమనగా, కత్తెర మొక్క బలమును తగ్గించుట మాత్రమే కాదు, ఆ బలమును మనము కోరిన చోటికి మళ్లించును; కాలువలో మడువ కట్టి నీరు మళ్లించునట్లే.

రెండవ సూత్రము వేరు, ఆకుల తూకము. ఆకు ఆహారము వండును, నీటిని ఆవిరిగా విడుచును. వేరు నీటిని తెచ్చును. వేరు తగ్గించినపుడు ఆకు తగ్గింపనిచో మొక్క వాడును. ఆకు మిక్కిలి తగ్గించినచో వేరునకు తిండి చాలదు. ఈ తూకము కుండలో కంటికి కనబడును.

3. కుండ, మన్ను, పనిముట్లు

అడుగున రంధ్రము లేని కుండ పనికిరాదు. మొదటి మూడు నెలలు మామూలు పూలకుండయే మేలు. రూపము కుదిరిన తరువాత వెడల్పు మూకుడులోనికి మార్చవచ్చును. కుమ్మరి యొద్ద మూకుడు కొనునపుడే, పచ్చిమీద రెండు రంధ్రములు పెట్టించి కాల్పించుమని చెప్పినచో మంచిది.

నల్లరేగడి మన్ను ఒంటిగా వాడరాదు. అది తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు పగిలి సన్న వేళ్లను తెంచును. ఎఱ్ఱ చల్క మన్ను రెండు పాళ్లు, మానేరు వంటి వాగుల ముతక ఇసుక ఒక పాలు, బాగుగా మాగిన పెంట యెరువు ఒక పాలు కలుపవలెను. పచ్చి పేడ వేడి చేసి వేళ్లను చంపును. రంధ్రముపై పెంకు ముక్క బోర్లించి పిమ్మట మన్ను నింపవలెను.

కొమ్మను వంచుటకు నూలు దారము వాడవలెను. సిరిసిల్ల సభ్యులకు మఱమగ్గముల పాలిస్టరు దారపు ముక్కలు తేరగా దొరకును. కాని అవి సాగవు, కుళ్లవు. కాండము లావైన కొలది ఆ దారము బెరడులోనికి దిగి ఉరి వేయును. నూలు దారమైనను మూడు వారముల కొకసారి విప్పి, చోటు మార్చి కట్టవలెను.

నీటికి గడియారము చూడవద్దు, మన్ను చూడుడు. వ్రేలి మొదటి గణుపు దిగువరకు పొడిగా నున్నచో అడుగు రంధ్రము నుండి కారునంతగా పోయవలెను. తడిగా నున్నచో ఆ పూటకు మానవలెను. వేసవిలో మూకుడులోని మొక్కకు రెండు పూటలు నీరు కావలసి యుండును.

4. మొదటి పాఠము: తులసి

గద్దెలో పూజించు తులసిపై కత్తెర పెట్టుటకు ఇంటివారికి మనస్సొప్పదు. ఒప్పింప నక్కఱయు లేదు. ఆ గద్దె చుట్టు రాలిన విత్తుల నుండి వానాకాలమున మొలకలు లేచును. వానిలో నిటారుగా, బలముగా నున్న దానిని ఆఱాకులైనపుడు తీసి కుండలో నాటుడు.

మొక్క జానెడు ఎత్తు వచ్చువరకు కత్తెర ముట్టరాదు. పిమ్మట క్రింది మూడంగుళముల మేర ఆకులను ఒకేసారి గాక, వారమున కొక జతగా తీసివేయుడు. అదియే చెట్టు మ్రానగును. తరువాత తలను ఒక ఆకుల జతకు కొంచెము పైగా త్రుంచుడు. తులసికి ఆకులు ఎదురెదురుగా పుట్టును గనుక, ఆ జత మొదట రెండు చిగుళ్లు లేచును. అవి మూడేసి జతల ఆకులు తొడిగిన పిదప, ఒక్కొక్క జత యుంచి తిరిగి త్రుంచుడు. ఒకటి రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. మూడు త్రుంపులతో చిన్న గొడుగు వంటి చెట్టు ఏర్పడును.

ప్రతి త్రుంపునకు ముందు కుండను నాలుగు వైపుల త్రిప్పి చూడవలెను. ఒకదాని నొకటి ఒరయు కొమ్మ, లోనికి తిరిగిన కొమ్మ, నడుమ నిటారుగా దూసుకొనిపోవు కొమ్మ. ఈ మూటిని తీసివేయుడు. కొమ్మ అడ్డముగా పోవలెనన్నచో నూలు దారముతో క్రిందికి లాగి కుండ అంచునకు కట్టుడు. నిటారు కొమ్మ వేగముగా ఎదుగును. వాలిన కొమ్మ నెమ్మదిగా ఎదిగి ప్రక్క చిగుళ్లు వేయును. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. తోటలో అక్కఱకు వచ్చును.

కంకులు పట్టగానే గిల్లవలెను. విత్తు ముదిరినచో తులసి తన పని ముగిసినదని ఎండసాగును. కంకి గిల్లినచో రెండు మూడేండ్లు నిలుచును. మ్రాను బెరడు కట్టి నిజమైన చెట్టువలె నుండును. విత్తనమునకై ఒక కంకి విడిచిన చాలును.

5. రెండవ పాఠము: బంతి, చామంతి - వేళ యెఱుగుట

తులసి ఎచ్చట కోయవలెనో నేర్పును. బంతి, చామంతులు ఎప్పుడు కోయవలెనో నేర్పును.

బంతిని నాటిన ముప్పది, నలువది దినముల నడుమ తల త్రుంచినచో ప్రక్క కొమ్మలు విస్తరించి పూలు ఎక్కువగును. కాని పూత పది, పదునైదు దినములు వెనుకబడును. బతుకమ్మ నాటికి పూలు అమ్మదలచిన రైతు ఈ దినములను ముందే లెక్కించి నారు పోసికొననిచో, పండుగ దాటిన తరువాత పూలు విరియును, ధర యుండదు. ముందే రెండు కుండలలో బంతి నాటి, ఒకదానిని త్రుంచి, ఒకదానిని విడిచి, ఏది ఎన్నడు పూచినదో గోడపై బొగ్గుతో వ్రాసికొన్న రైతునకు మఱుసటి యేడు మడిలో సందేహ ముండదు. కుండలోని బంతికి చెట్టు రూపము కావలెనన్నచో, జానెడు ఎత్తువరకు ప్రక్క చిగుళ్లు గిల్లి, ఆపై తల త్రుంచవలెను.

చామంతి వేఱు స్వభావము కలది. రాత్రి పొడుగు పెరిగినపుడే అది మొగ్గ తొడుగును. జూను నెలలో చిగురు కొమ్మలను ఇసుకలో నాటి వేరు పట్టించి, కుండకు మార్చి, కొత్త చిగురు మూడు నాలుగు ఆకులు వేసినప్పుడెల్ల కొన గిల్లుచు రావలెను. ఆగస్టు ముగియుసరికి గిల్లుట మానవలెను. ఆ తరువాత గిల్లినచో పూత రావలసిన కొనలే పోవును. మఱియొక హెచ్చరిక: రాత్రులందు దీపములు వెలుగు మగ్గపు షెడ్డు కిటికీ క్రింద చామంతి కుండ ఉంచరాదు. ఆ వెలుతురునకు మొక్క రాత్రి పొడుగును గుర్తింపజాలదు. పచ్చగా పెరుగునే గాని మొగ్గ తొడుగదు. అందువలన ఎరువు లోపమని పొరపడి మఱింత ఎరువు వేయుట వ్యర్థము.

6. మూడవ పాఠము: మిరప - వేరు కోయుట

మిరప స్వభావముచే ఏడాది మొక్క కాదు. కాపు ముగియగానే మనము పెఱికివేయుటచే అట్లు కనబడుచున్నది. పోషించినచో కొన్ని యేండ్లు బ్రదుకును, కాండము కట్టెవలె గట్టిపడును. పాశ్చాత్య దేశములలో కొందఱు ఔత్సాహికులు మిరపనే బోన్సాయిగా పెంచి బాన్చీ యను పేరు పెట్టిరి.

ఫిబ్రవరిలో, ఎండలు ముదురక మునుపు, పెరటి మిరపలలో కాండము లావైన దానిని ఎంచుడు. ఆకు ముడుత తెగులు సోకిన దానిని ఎంతమాత్రము ముట్టవద్దు. ఆ రోగము మొక్కను విడువదు, ఇతర మొక్కలకు వ్యాపించును. కొమ్మలను మొదటి పంగలకు రెండంగుళముల పై వరకు కోయుడు. మొక్కను మట్టి పెళ్లతో త్రవ్వి తీసి, మన్ను దులిపి, వేళ్లలో మూడవ వంతు మాత్రమే, ముఖ్యముగా క్రిందికి దిగిన లావు వేళ్లను, కత్తిరింపుడు. సన్న వేళ్లను కాపాడుడు. నీరు త్రాగునవి అవియే. కుండలో నాటి రెండు వారములు నీడన నుంచుడు. క్రొత్త చిగురు రాకమునుపు ఎరువు వేయరాదు.

ఈ మూడింటిలో చేయి తిరిగి, ఏండ్ల తరబడి నిలుచు చెట్టు కావలెనని కోరువారు, పాత గోడలలోను బావి ఒరలలోను మొలచు రావి, మఱ్ఱి, జువ్వి పిలకలను తీసి పెంచవచ్చును. అవి ఉన్నచోట గోడను పగులగొట్టును. కుండలో ఇంటికి అందము తెచ్చును.

7. కుండ నుండి మామిడి తోటకు

ఇక అసలు పని. పూర్వము మామిడిని పది మీటర్ల యెడముతో నాటుచుండిరి. ఎకరమునకు సుమారు 40 చెట్లు. ఐదు మీటర్ల యెడముతో నాటినచో ఎకరమునకు సుమారు 160 పట్టును. చెట్లు హెచ్చైన కొలది కత్తెర పని హెచ్చును. దగ్గరగా నాటి కత్తిరింపక విడిచిన తోటలో కొన్ని యేండ్లకే కొమ్మలు కలిసిపోవును, నడుమ చీకటి కమ్మును, తేనెమంచు పురుగు ఆ నీడన దాగును, కాయ చిటారు కొమ్మలకు ఎక్కును. అట్టి తోటలు నాటిన రైతులే తరువాత చెట్లు నఱికివేయుట మేము చూచితిమి.

లేత అంటు మొక్కకు తులసి పాఠమే. అంటు క్రింద లేచు చిగుళ్లను వెంటనే గిల్లుడు. అవి మంచి రకము కావు. మొక్క రెండు మూడు అడుగులు ఎదిగినపుడు తల కోసి, వచ్చిన చిగుళ్లలో మూడు నాలుగింటిని, ఒకే చోట గాక కొంచెము ఎడమెడముగా, నలుదిక్కులకు పోవునట్లు ఉంచుడు. అవి రెండడుగులైన పిదప తిరిగి కొన కోయుడు. మొదటి మూడేండ్లు వచ్చిన పూతను తీసివేయుడు.

కాపు చెట్టుకు చామంతి పాఠము. మామిడి పూత ముదిరిన కొమ్మల కొనలయందే వచ్చును. తులసిని ఏ నెలలో త్రుంచినను చిగురించును. మామిడిని కార్తీకములో కోసిన రైతు తన పూతను తానే కోసికొన్నట్లగును. కాయ కోత ముగిసిన వెంటనే, జూను, జూలై నెలలలో కత్తిరింపు పూర్తి చేయవలెను. అప్పుడు వచ్చిన చిగురు పూత కాలమునకు ముదురును. ఎండు కొమ్మలు, రోగపు కొమ్మలు, ఒరయు కొమ్మలు తీసి, నడుమ నిటారుగా నున్న ఒకటి రెండు కొమ్మలను తొలగించి వెలుతురునకు దారి యీయవలెను. మిట్ట మధ్యాహ్నము చెట్టు క్రింద నేలపై ఎండ మచ్చలు అక్కడక్కడ పడుచున్నచో కత్తిరింపు సరిపోయినదని గ్రహింపుడు.

ముసలి తోటకు మిరప పాఠము, అనగా తూకము. ఒకే యేడు చెట్టు ఆకులో నాలుగవ వంతునకు మించి తీయరాదు. ఎత్తు తగ్గించు పనిని రెండు మూడేండ్లకు పంచుకొనుడు. ఒక్కసారి నెత్తి బోడి చేసినచో బెరడు ఎండకు పగులును. పగిలిన చోట పురుగు చేరును. లావు కొమ్మను మొదట క్రింది ప్రక్కన కొంత కోసి, పిమ్మట పైనుండి కోయవలెను. లేనిచో బరువునకు బెరడు చీలును. కోత గాయములకు బోర్డో పేస్టు పూయుడు: మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో, నీరు 10 లీటర్లు. మైలుతుత్తమును ఇనుప పాత్రలో కలుపరాదు. వేరు సంగతిలో మాత్రము కుండను అనుకరింపవద్దు; కాపు చెట్టు క్రింద లోతుగా దున్ని వేళ్లు తెంచుట హాని.

పెద్ద తోటకు రంపము పట్టుటకు ముందు జగిత్యాల చెంత పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము వారినో, మీ మండలపు ఉద్యాన అధికారినో పిలిచి, ఒక్క చెట్టును వారి యెదుట కోయించి చూడుడు. మిగిలినవి మీరే చేయగలరు.

సంఘ సభ్యులు ఈ వానాకాలమున గ్రామమునకు పది తులసి కుండలైనను పెట్టి, రానున్న సమావేశమునకు వానిని తెచ్చి ప్రక్క ప్రక్కన నుంచి చూచినచో, ఎవరి కోత ఎట్టిదో మాటలు లేకయే తెలియును. బాగుగా పెంచిన వారి చేతికే తోట రంపమును మొదట అప్పగింపవచ్చును.

అభ్యాస ప్రశ్నలు

1. తల త్రుంచిన మొక్క ప్రక్కలకు చిగురించుటకు కారణమేమి?

2. నీరు, ఎరువు మాన్పించి మొక్కను పొట్టి చేయుట ఏల తగదు?

3. మీ ఊరి బంతి రైతు బతుకమ్మకు పూలు అమ్మవలెనన్నచో నారు ఏ వారమున పోయవలెను? తల త్రుంచిన లెక్కయు, త్రుంచని లెక్కయు వ్రాయుడు.

4. తులసికిని మామిడికిని కోత కాలములో భేదమేల?

5. మీ తోటలో ఒక చెట్టు క్రింద మధ్యాహ్నము నిలిచి చూడుడు. ఏ కొమ్మను మొదట తీయుదురు? ఏ నెలలో తీయుదురు? తోడి సభ్యునితో చర్చించి నిర్ణయింపుడు.